కోళ్ల గూటికి కావలి

పెరటిలోని నాలుగు కోళ్లు ఇల్లాలి చేతిసొమ్ము. గ్రుడ్లమ్మిన పైకము పిల్లవాని పుస్తకములకో, పండుగనాటి గాజులకో యక్కఱకు వచ్చును. అట్టి సొమ్ము ఒక్క రాత్రిలో ఈకల కుప్పయై మిగిలినచో, ఆ దుఃఖము పడినవారికే తెలియును.

1931లో పూర్తియైన నిజాంసాగరు నీరు పాఱినది మొదలు బోధను ప్రాంతము చెఱకునకు పేరుపడెను. 1937లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెఱకు తగ్గి వరి హెచ్చినది. అయినను మిగిలిన తోటలలో నక్కయు, అడవిపిల్లియు, ముంగిసయు ఎలుకలను తినుచు దాగియుండును. చలికాలమున చెఱకు నఱకగానే వానికి మఱుగు పోవును; ఊరి పెరడే దిక్కగును. కావున కోతలకు ముందే గూటిని సరిచూచుకొనవలెను.

సోదరీమణులారా, తలుపునకు గొళ్లెము వేసితిమని నిశ్చింతగా నుండరాదు. నక్క నేల త్రవ్వి వచ్చును. గూటి చుట్టును అడుగు లోతున ఇనుపజాలి పాతి, దాని యంచును వెలుపలికి వంచవలెను. ముంగిస సన్నని సందునను దూఱును. జాలికన్నులు అర అంగుళమునకు మించరాదు. పగలు గద్ద భయముండును గనుక పిల్లలను గంప క్రింద నుంచుడు. ప్రొద్దు గ్రుంకకమునుపే కోళ్లను లెక్కించి మూయుడు. చెదరిన గింజలను ఊడ్వనిచో ఎలుకలు చేరును; ఎలుకల వెంట పాము వచ్చును.

కొందఱు మాంసములో విషము కలిపి పెట్టుదురు. అది పొరుగింటి కుక్కను గూడ చంపును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నక్కను, అడవిపిల్లిని, ముంగిసను చంపుట నేరము. పైగా చేని యెలుకలను పట్టునవి యవియే. వానిపై పగ యేల? గూడు గట్టిదైనచో నక్క తన త్రోవను తాను పోవును. తెల్లవాఱుజామున కోడి యెప్పటివలెనే కూయును.