బోగన్‌విల్లియా: కాగితం పువ్వు పేరులోని ఐదు అక్షరాలు

తెలుగువారు కాగితం పువ్వుగా ఎరిగిన మొక్కకు ఇంగ్లీషులో బోగన్‌విల్లియా అని పేరు. సాఫ్ట్‌వేర్ కోర్సులతో పాటు ఇంగ్లీషు సంభాషణ నేర్పే శిక్షణ కేంద్రాలు కూడా ఉన్న హైదరాబాదులోని అమీర్‌పేటలో, ఒక మాటను ఎలా విడదీయాలో, ఎక్కడ ఒత్తి పలకాలో తెలుసుకోగోరే విద్యార్థికి ఇంతకంటె చక్కని ఉదాహరణ అరుదు.

ఈ పేరు ఫ్రెంచి నావికుడు లూయీ ఆంత్వాన్ ద బూగేఁవిల్ నుంచి వచ్చింది. 1766–69 నడుమ ఆయన నాయకత్వంలో భూప్రదక్షిణ చేసిన యాత్రలో పాల్గొన్న వృక్షశాస్త్రవేత్త ఫిలిబేర్ కొమ్మేర్సోఁ, 1767లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో వద్ద ఈ మొక్కను సేకరించి దానికి నాయకుడి పేరు పెట్టగా, 1789లో మరో వృక్షశాస్త్రవేత్త జుస్స్యూ తన గ్రంథంలో దానిని ప్రజాతి నామంగా ప్రకటించాడు. కొమ్మేర్సోఁకు సహాయకురాలిగా పురుషవేషంలో ఓడ ఎక్కిన జాన్ బారే, ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్రకెక్కింది. ఆమె పేరు మాత్రం 2012లో గాని ఒక మొక్కకు దక్కలేదు.

ఒకే అచ్చును ఆధారం చేసుకొని ఒక్క పెట్టున పలికే ధ్వనుల సముదాయాన్ని ఇంగ్లీషులో సిలబుల్ అంటారు. ఫ్రెంచిలో బూ-గేఁ-విల్ అని మూడే సిలబుల్స్ ఉన్న ఇంటిపేరుకు, శాస్త్రనామాల సంప్రదాయం ప్రకారం లాటిన్ ప్రత్యయం చేరడంతో, అది ఇంగ్లీషులో బూ-గన్-విల్-ఇ-య అని ఐదు సిలబుల్స్ మాట అయింది. అందులో మూడవదైన ‘విల్’ మీద ఊనిక, అంటే మిగిలినవాటికంటె బలంగా పలికే ఒత్తు, పడుతుంది. తెలుగులో మాట అర్థాన్ని ఊనిక మార్చదు గనుక అది మన చెవికి సులభంగా అందదు. అయితే ‘విలియా’ అనక ‘విల్లియా’ అని ద్విత్వంతో పలికితే, ఛందస్సు లెక్కన లఘువు కావలసిన ‘వి’ గురువై, ఆ బరువు సరైన చోటనే నిలుస్తుంది.

తెలుగు పేరు మనిషిని కాక రూపాన్ని పట్టుకుంది. రంగురంగుల కాగితాల్లా కనిపించేవి నిజానికి పూరేకులు కావు, పుచ్ఛాలనే మార్పు చెందిన ఆకులు. వాటి నడుమ ఉండే సన్నని తెల్లని గొట్టాలే అసలు పూలు.

ఫ్రెంచిలో ‘విల్’ అంటే పట్టణం. అమీర్‌పేటలోని ‘పేట’ వంటిదే ఆ మాట. అ-మీర్-పే-ట అని నాలుగు ముక్కలుగా పలికే ఆ పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో చివరి అచ్చు కోల్పోయి, పలువురి నోట అ-మీర్-పేట్ అని మూడింటికి కుదించుకుపోయింది. బూగేఁవిల్ పరభాషలో పెరిగినట్టే అమీర్‌పేట పరలిపిలో తరిగింది గనుక, ఒక పేరును సరిగా పలకడమంటే దాని పుట్టుకను, అది దాటివచ్చిన నోళ్లను గౌరవించడమే.