డైనోసార్ వద్దు, మూపురం ఎద్దు ముద్దు

వేసవి శిబిరంలో ‘ఆదిమానవుడు’ అనగానే థర్మకోల్ డైనోసార్, దాని పక్కన పులితోలు చుట్టుకుని గద పట్టిన మనిషి తయారైపోతారు. ఇద్దరిదీ ఒకే కాలమని పిల్లలు ఖాయం చేసుకుంటారు. ఆ లెక్క సరిచేయడానికి ఓ తాడు చాలు. వెయ్యేళ్లకు ఒక సెంటీమీటరు. ఈ సీమలో పశువులు మేపిన కొత్తరాతియుగం వాళ్లు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటారు. చెన్నైకి వాయవ్యాన అత్తిరంపాక్కంలో రాతిగొడ్డళ్లు చెక్కినవాళ్లు 15 మీటర్ల దూరంలో. చివరి డైనోసార్ కావాలంటే 660 మీటర్లు నడవాలి. తాడు ఎప్పుడో అయిపోతుంది!

అనంతపురం పిల్లలకు అరువు ఆదిమానవుడితో పనేముంది? 1882 దాకా ఈ జిల్లా బళ్లారిలో భాగమే. ఆ బళ్లారి పక్కనే కొత్తరాతియుగం వాళ్లు బతికిన సంగనకల్లు, కప్పగల్లు కొండలు. ఇటు కళ్యాణదుర్గం వైపు పాలవాయి బూడిదదిబ్బను తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆచార్యులు వి.రామిరెడ్డి తవ్వారు. ఇలాంటి దిబ్బలను రాక్షసుల చితాభస్మం అనుకునేవారు జనం. అది పేడ కాలిన బూడిదేనని తొలినాళ్లలో గట్టిగా చెప్పినవాడు భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరు దిబ్బను 1957లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్‌కు ఏకంగా పశువుల గిట్టల ముద్రలే దొరికాయి. అంటే అది దొడ్డి! తడిపిన బంకమన్ను తట్టలో పరిచి ఆవు, మేక, గొర్రె చేత ఒక్కో అడుగు వేయించండి. ఏ ముద్ర ఎవరిదో చూడనివాళ్ల చేత చెప్పించండి. పురావస్తు తవ్వకంలో సగం ఇదే పని.

కప్పగల్లు బండల మీద నాటివాళ్లు రాయితో పొడిచి పొడిచి బొమ్మలు తీశారు. ఎక్కువగా ఎద్దులే, పొడవాటి కొమ్ములూ ఎత్తైన మూపురమూ. కొట్టినచోట రాయి పైపొర లేచి రంగు మారుతుంది, అంతే కిటుకు. మనకు తాడిపత్రి నల్లబండ ముక్కలకు కొదవా? గులకరాయితో నెమ్మదిగా పొడిస్తే తెల్లటి చుక్కలు పడతాయి. చుక్కలు కలిస్తే మూపురం. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి, పెచ్చు ఎగిరితే కంటికే ముప్పు. కప్పగల్లులో కొట్టగానే గంటలా మోగే బండలూ ఉన్నాయి. పిల్లలు చుట్టుపక్కల రాళ్లన్నీ వాయించి మోగేదాన్ని వెతకడం నా లెక్కలో పెయింటింగ్ పోటీ కంటే మేలైన ఆట.

రాతిగొడ్డలి నమూనా చేయించడానికి అసలు రాయి వద్దు, సబ్బుబిళ్ల చాలు. గీకి, తడిపిన గరుకు బండ మీద అరగదీస్తే కోసుగా నున్నటి రాతిగొడ్డలి రూపం వస్తుంది. జాజు, సున్నం విడివిడిగా నీళ్లలో కలిపితే కడప జిల్లా చింతకుంట గుహల్లోని ఎరుపు, తెలుపు బొమ్మల రంగులు. ఇక టిఫిన్‌కు బిస్కెట్లెందుకు? కొత్తరాతియుగం నాటి పంటలు ఉలవలు, పెసలు, అండుకొర్రలు. ఉలవ గుగ్గిళ్లు పెడితే 4 వేల ఏళ్ల నాటి మెనూ!

చెన్నైలో శర్మ సెంటర్ ఫర్ హెరిటేజ్ ఎడ్యుకేషన్ ఇలాంటి చరిత్రపూర్వయుగపు పాఠాలను ఆటలతో, పనులతో పిల్లలకు చెబుతోంది. మనకు బళ్లారి ఇంకా దగ్గర. ఫుట్ పేరిట అక్కడ మ్యూజియమే ఉంది. తీసుకెళ్తే పొద్దున్నే బయల్దేరండి. కప్పగల్లు వెళ్తే మాత్రం అసలు కొండబొమ్మల మీద సుద్దముక్క కూడా ఆనించనివ్వకండి. క్వారీలు మింగగా మిగిలినవి అవి.