బిజినెస్ ఎనలిస్టు – కన్సల్టెంటు: పేరును మించి పనిని చూడవలెను

ఉద్యోగ ప్రకటనలలో నేడు బిజినెస్ ఎనలిస్టు, కన్సల్టెంటు అను రెండు పేర్లు విరివిగా కనిపించుచున్నవి. డిగ్రీ ముగించిన మన విద్యార్థులు పలువురు ఈ రెండును ఒకటేనని తలచుచున్నారు. మా పూర్వ విద్యార్థి ఒకరు కన్సల్టెంటుగా చేరి, తన పని ఇంటింట తిరిగి బీమా పాలసీలు అమ్ముటయేనని నెల గడిచిన పిదప గ్రహించినారు. అందుచేత ఈ రెండింటి తారతమ్యమును వివరింపదలచితిమి.

మన ధర్మవరములోని ఒక పట్టుచీరల వ్యాపారిని ఉదాహరణముగా తీసికొందము. ఏ నేతగానికి ఎంత పట్టు, ఎంత జరీ ఇచ్చినది, ఎన్ని చీరలు తిరిగి వచ్చినవి అను లెక్కలను ఆయన కంప్యూటరులోనికి మార్చదలచినారు. ఆయనకు ప్రోగ్రాము వ్రాయుట తెలియదు. ప్రోగ్రాము వ్రాయువానికి మగ్గము సంగతి తెలియదు. ఈ ఇరువురి నడుమ నిలుచువాడే బిజినెస్ ఎనలిస్టు. అతడు గుమాస్తాను, నేతగానిని విచారించి, బయానా ఒక పుటలోను కూలి మరియొక పుటలోను ఉండుటవలననే తగాదాలు వచ్చుచున్నవని కనుగొనును. కావలసినదేమో స్పష్టముగా వ్రాసి, తయారైనది సరిగా నడచుచున్నదా అని పరీక్షించును. కాగితముపై గీసిన అంచు నమూనాను జకార్డు అట్టలపై రంధ్రములుగా మార్చువాని పని వంటిదే ఇదియు.

అదే వ్యాపారి, “చేమగ్గములనే నమ్ముకొనవలెనా? బెంగళూరులో శాఖ తెరువవలెనా?” అని అడిగినచో అది కన్సల్టెంటుకు తగిన ప్రశ్న. కన్సల్టెంటు అనగా సలహాదారు; ఉర్దూలో ముషీర్. 1908 మూసీ వరదల పిదప నిజాం ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని ఆహ్వానించినది. నగరమునకు ఎగువన జలాశయములు కట్టవలెనని వారు సలహా ఇచ్చి, ఆ యేడే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిరి. ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. సలహా ఒకరిది, ఏండ్ల తరబడి నిర్మాణభారము ఇతరులది.

అయితే పేర్లు ఎల్లయెడల ఇట్లే ఉండవు. మెకిన్సే వంటి సలహా సంస్థలో డిగ్రీ పూర్తిచేసి కొత్తగా చేరినవానికే బిజినెస్ ఎనలిస్టు అని పేరు. కొన్ని సాఫ్ట్‌వేరు సంస్థలలో కన్సల్టెంటు అనునది పని పేరు కాదు, హోదా మాత్రమే. ఇక మన తెలుగువారి వాడుకలో కన్సల్టెన్సీ అనగా ఉద్యోగమో, విదేశీ చదువో, అమెరికా ప్రాజెక్టో కుదిర్చిపెట్టు ఏజెన్సీ. అచ్చటివారు సలహాదారులు కారు, మధ్యవర్తులు.

కనుక నియామకపత్రముపై సంతకము చేయుటకు ముందు విద్యార్థులు మూడు ప్రశ్నలు అడుగవలెను. జీతమిచ్చునది ఎవరు? నేను చేసి అప్పగించవలసినది వివరణపత్రమా, సలహాయా, లేక అమ్మకములా? పని పూర్తియగు వరకు ఉండువాడనా, మాట చెప్పి వెళ్లువాడనా? ఉద్యోగమిప్పింతుమని ముందుగా రుసుము కోరువారికి దూరముగా నుండుట మేలు.

చీరపై చీటీ చూచి కొనువాడు మోసపోవును. అంచును, జరీని చేతపట్టి చూచువాడు మోసపోడు. పట్టు పుట్టినిల్లయిన ఈ ఊరి విద్యార్థులకు ఈ జాగ్రత్త వేరుగా నేర్పవలసిన పనిలేదు. మన కళాశాల కమిటీ పెద్దలు ఏటేటా చివరి సంవత్సరపు విద్యార్థులకు ఇట్టి విషయములపై ఒక దినము కేటాయింతురని ఆశించుచున్నాము.