నర్సింగ్ విద్య: పడక పక్కనే అసలు పాఠం

వైద్యుడు రోగి వద్ద గడిపేది నిమిషాలైతే నర్సు గడిపేది గంటలు. అర్ధరాత్రి జ్వరం పెరిగినా, ఊపిరి వేగం మారినా, సెలైన్ సూది గుచ్చిన చోట వాపు వచ్చినా మొదట గుర్తించవలసింది నర్సే. పుస్తకాన్ని కంఠస్థం చేసినంత మాత్రాన ఆ చూపు అలవడదు. అందువల్ల నర్సింగ్ కళాశాలల్లో ఏమి బోధిస్తున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎలా బోధిస్తున్నారన్నదీ అంతే ముఖ్యం. ఇంటర్మీడియట్ పూర్తికాగానే ఈ కోర్సుల వైపు చూసే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు ఈ బోధనా సూత్రాలను తెలుసుకోవడం అవసరం.

నైటింగేల్ వేసిన బాట

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల శిక్షణ పాఠశాల ప్రారంభమైంది. రోగి సేవ అనేది క్రమపద్ధతిలో నేర్వవలసిన విద్య అన్న భావన దానితో బలపడింది. మన దేశంలో 1947 నాటి చట్టం ద్వారా భారత నర్సింగ్ మండలి ఏర్పడి ఈ విద్యకు ప్రమాణాలు నిర్దేశించింది. ఏఎన్‌ఎం 2 సంవత్సరాలు, జీఎన్‌ఎం 3 సంవత్సరాలు, బీఎస్సీ నర్సింగ్ 4 సంవత్సరాల కోర్సులు. 2021లో సవరించిన నిబంధనలతో బీఎస్సీ నర్సింగ్ 8 సెమిస్టర్ల విధానంలోకి మారింది. పాత చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది.

తల, చేయి, మనసు

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో అభ్యసనాన్ని మూడు రంగాలుగా గుర్తించింది. అవి జ్ఞానం, వైఖరి, శారీరక నైపుణ్యం. నర్సింగ్‌లో ఈ మూడింటినీ విడదీయలేము. కండరానికి ఇంజెక్షన్ ఇవ్వడమే తీసుకుందాం. ఏ మందు, ఎంత మోతాదు, ఏ కండరం అన్నది జ్ఞానం. వణకని చేతితో సరైన కోణంలో సూది దింపడం నైపుణ్యం. ముందుగా రోగికి చెప్పడం, తెర లాగడం, భయపడే పసివాడిని బుజ్జగించడం వైఖరికి సంబంధించినవి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ సేవ అసంపూర్ణమే. కానీ రాత పరీక్ష కొలిచేది ప్రధానంగా మొదటిదానినే.

తెలిసిన దాని నుంచి తెలియని దానికి

సులభమైన దాని నుంచి కఠినమైన దానికి, తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లాలన్నది బోధనలో మూల సూత్రం. సెలైన్ చుక్కల లెక్క దీనికి మంచి ఉదాహరణ. మోటారు ఎంత నీరు పోస్తే మడి ఎంతసేపట్లో తడుస్తుందో రైతు ఇంటి బిడ్డకు తెలుసు. ఆ తెలివితోనే ఈ లెక్కను మొదలుపెట్టవచ్చు.

500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 4 గంటల్లో ఎక్కించాలని వైద్యుడు రాశారనుకుందాం. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టయితే మొత్తం 10 వేల చుక్కలు. వాటిని 240 నిమిషాలకు పంచితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. పొరపాటున 60 చుక్కలు వదిలితే అదే సీసా 2 గంటల 47 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. గుండె బలహీనపడిన వృద్ధునికి ఆ వేగం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది. సూత్రాన్ని వల్లె వేయించడం కన్నా ఈ పర్యవసానాన్ని వివరించినప్పుడే లెక్క విద్యార్థి మనసులో నిలుస్తుంది.

ముందు బొమ్మ, తరువాతే మనిషి

నైపుణ్యాన్ని నేర్పడానికి ఒక క్రమం ఉంది. మొదట ఉపాధ్యాయురాలు చేసి చూపాలి. తరువాత దశల వారీగా కారణాలతో వివరించాలి. ఆపై విద్యార్థి చేసి చూపాలి. లోపాలను అక్కడికక్కడే సరిదిద్దాలి. సంసిద్ధత, అభ్యాసం, ఫలితం అంటూ మనస్తత్వవేత్త థార్న్‌డైక్ చెప్పిన మూడు నియమాలూ ఇందులో ఇమిడి ఉన్నాయి.

గుండె ఆగిన పెద్దవారికి ఛాతీపై నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున అదమాలి. ఆ లోతు ఎంతో చేతికి తెలియాలంటే శిక్షణ బొమ్మపై పదేపదే సాధన చేయవలసిందే. ఒకసారి నేర్చి వదిలేస్తే నెలల్లోనే పట్టు సడలుతుంది. కనుక తిరిగి తిరిగి సాధన చేయించాలి.

పరీక్షించే తీరు మారాలి

జార్జ్ మిల్లర్ 1990లో సామర్థ్యాన్ని నాలుగు మెట్లుగా వివరించారు. విషయం తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపడం, నిత్య విధుల్లో ఆచరించడం. మూడో మెట్టును కొలిచేందుకు 1975లోనే స్కాట్లాండ్‌కు చెందిన రొనాల్డ్ హార్డెన్ బృందం ‘ఓస్కీ’ అనే పరీక్షా విధానాన్ని వెలువరించింది. ఇందులో విద్యార్థి ఒక్కో కేంద్రం వద్ద ఒక్కో పని నిర్ణీత సమయంలో చేసి చూపాలి. రక్తపోటు చూడటం, గాయానికి కట్టు కట్టడం, రోగితో మాట్లాడటం వంటి వాటికి ముందే రాసుకున్న అంశాల ప్రకారం మార్కులు వేస్తారు. పరీక్షకుని ఇష్టాయిష్టాలకు ఇందులో తావు తక్కువ.

పుస్తకం ఆంగ్లం, రోగి తెలుగు

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి తొలి ఏడాది ఆంగ్ల పదజాలమే పెద్ద గండం. వార్డులో పరిస్థితి తలకిందులు. ‘గుండెల్లో పట్టేసినట్టుంది’, ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అని రోగి చెప్పే మాటను వైద్య భాషలోకి మార్చి కేసు షీటులో నమోదు చేయాలి. వైద్యుని సూచనను మళ్లీ రోగి మాటలోకి దించాలి. అందుకే ప్రతి పాఠాన్ని చివర ఇంటి పెద్దకు చెప్పినట్టు తెలుగులో చెప్పించే అభ్యాసం ఎంతో మేలు చేస్తుంది. ఇన్సులిన్ ఎలా తీసుకోవాలో వివరించాక ‘అర్థమైందా’ అని అడిగితే రోగి తల ఊపుతాడు. ‘ఇంటికి వెళ్లాక ఎలా తీసుకుంటారో ఒకసారి చూపించండి’ అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది.

తప్పును దాచని వాతావరణం

అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు పాట్రీషియా బెన్నర్ 1984లో ఒక నర్సు కొత్త అభ్యాసకురాలి స్థాయి నుంచి నిష్ణాతురాలి స్థాయికి ఐదు దశల్లో ఎదుగుతుందని వివరించారు. తొలి దశలో నియమాలే ఆధారం, అనుభవంతోనే పరిస్థితిని మొత్తంగా చూసే శక్తి వస్తుంది. కొత్తగా వార్డుకు వచ్చిన వారి పొరపాటును రోగుల ఎదుటే ఎత్తిపొడిస్తే వారు మరుసటిసారి తప్పును దాచిపెడతారు. దాచిన తప్పు మూల్యాన్ని రోగి చెల్లించాలి. తప్పు జరిగిన క్షణమే చెప్పడం నేర్పడం, చెప్పినవారిని శిక్షకు బదులు శిక్షణతో సరిదిద్దడం గురువుల బాధ్యత.

సిబ్బంది కొరతను పూడ్చడానికి విద్యార్థులను వాడుకోవడం మరో చిక్కు. పది మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలన్న నిబంధన కాగితానికే పరిమితమైతే వార్డు విధి వెట్టిచాకిరీగా మారుతుంది, అభ్యసనం మిగలదు.

చేరే ముందు అడగవలసినవి

కళాశాల ఎంచుకునేటప్పుడు భవనాల కన్నా కొన్ని ప్రశ్నలు ముఖ్యం. నియంత్రణ సంస్థల గుర్తింపు ఉందా? అనుబంధ ఆస్పత్రిలో నిజంగా రోగులు ఉంటున్నారా? నైపుణ్య ప్రయోగశాల తాళం తీసి ఉంటోందా? వార్డు విధుల్లో ఉపాధ్యాయులు విద్యార్థుల వెంట ఉంటున్నారా? అక్కడి సీనియర్ విద్యార్థులను కలిసి మాట్లాడితే వీటికి నిక్కచ్చి సమాధానాలు దొరుకుతాయి. ఫీజు గురించి అడగడానికి ముందే ఈ ప్రశ్నలు వేయడం మేలు.