పరమాణువు గ్రహించు వెలుగు

సూర్యకాంతిని పట్టకము గుండా ప్రసరింపజేసినచో ఏడురంగుల వర్ణపటము కనబడునని మనమందరము చదువుకొన్నదే. సూక్ష్మముగా పరిశీలించినచో ఆ రంగుల నడుమ సన్నని నల్లని గీతలు గోచరించును. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫ్రాన్‌హోఫర్ 1814లో అట్టి గీతలను ఐదువందలకు పైగా గుర్తించెను. ఆ గీతలున్న చోట వెలుగు ఏమైనది?

1913లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన పరమాణు సిద్ధాంతమున దీనికి సమాధానము కలదు. పరమాణువునందలి ఎలక్ట్రానుకు కొన్ని నియత శక్తి స్థాయిలు మాత్రమే ఉండును. మెట్లెక్కువాడు ఈ మెట్టుపైనో ఆ మెట్టుపైనో నిలువవలెనే గాని నడుమ నిలువజాలడు గదా! హైడ్రోజనులో మొదటి స్థాయి శక్తి −13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండవది −3.4, మూడవది −1.5. మొదటి స్థాయి నుండి రెండవ స్థాయికి చేరుటకు 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావలెను. సరిగా అంత శక్తి గల ఫోటాను ఎదురైనచో ఎలక్ట్రాను దానిని సంపూర్ణముగా గ్రహించి పైకి పోవును. 10 మాత్రమే ఉన్నచో గ్రహింపదు. 11 ఉన్నను అంతే. కావలసినంత తీసికొని మిగిలినది తిరిగి యిచ్చు పద్ధతి అచట లేదు. 13.6 గాని అంతకు మించి గాని లభించినచో ఎలక్ట్రాను పరమాణువునే విడిచిపోగలదు.

సూర్యుని లోపలి నుండి వచ్చు వెలుగు పైపొరల వాయువుల గుండా ప్రయాణించును. అచటి హైడ్రోజనులో రెండవ స్థాయియందున్న ఎలక్ట్రానులు 656.3 నానోమీటర్ల ఎర్రని వెలుగును గ్రహించి మూడవ స్థాయికి పోవుచున్నవి. అందుచే ఆ రంగున నల్లని గీత ఏర్పడుచున్నది.

ఇచట విద్యార్థులకొక సందేహము కలుగవచ్చును. పైకి పోయిన ఎలక్ట్రాను మరల క్రిందికి దిగుచు వెలుగును వెలువరించును గదా, గీత నలుపేల? మనవైపు వచ్చుచుండిన వెలుగును గ్రహించిన పరమాణువు దానిని అన్ని దిక్కులకు వెదజల్లును. మనకు చేరునది తగ్గిపోవును. నిజమునకు ఆ గీత పూర్తిగా నలుపు కాదు. పరిసరముల కాంతితో పోల్చినపుడే అట్లు కనబడును.

దీనికి చక్కని నిదర్శనము మన గుంటూరులో లభించినది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ సమయమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అచట పరిశీలన జరిపెను. చంద్రుడు సూర్యబింబమును కప్పివేయగా, అంచున ఎగసిన వాయుజ్వాలలలో హైడ్రోజను గీతలు నల్లగా గాక ప్రకాశవంతముగా కనబడెను. వెనుకనుండు బింబకాంతి మరుగైనందున, పరమాణువులు వెలువరించు వెలుగు మాత్రమే కంటికి చేరెను.

విద్యార్థులారా, 13.6 అను సంఖ్యను కంఠస్థము చేసిన పరీక్ష గట్టెక్కవచ్చును. మానవుడు అడుగిడజాలని సూర్యునిలో హైడ్రోజనున్నదని మనమెట్లు చెప్పగలుగుచున్నామో గ్రహించినపుడే ఆ సంఖ్య మనదగును. భాషను బోధించు మేము ఈ విషయమును వ్రాయుటకు పూనుకొన్నది అందులకే.