కంప్యూటర్లో మరో కంప్యూటర్
అనుమానాస్పద సాఫ్ట్‌వేర్‌ను ఫైళ్ల దరి చేరనివ్వని వర్చువల్ మెషీన్. కానీ తలుపులు తెరిచిపెడితే గోడ ఉన్నా లేనట్టే

2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతటా విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లకు తాళం వేసి, తీయాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలంటూ బెదిరించడం దాని పని. కంప్యూటర్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. ఏళ్ల తరబడి పోగేసిన ఫైళ్లు పోతే?

అలాగని ఎవరో పంపిన ఫైలు తెరవకుండా, కొత్త ప్రోగ్రామ్‌ను వాడి చూడకుండా ఏ ఆఫీసూ నడవదు. అందుకో మార్గం వర్చువల్ మెషీన్. మెమరీలో, హార్డ్ డిస్క్‌లో కొంత వాటా తీసుకుని సాఫ్ట్‌వేర్ సృష్టించే మరో కంప్యూటర్ ఇది. దానికి సొంత విండోసో, లినక్సో ఉంటుంది. లోపల నడిచే ప్రోగ్రామ్‌కు అదే లోకం. అసలు కంప్యూటర్లోని ఫైళ్లు దానికి కనిపించవు. ముందే 'స్నాప్‌షాట్' తీసి ఉంచుకుంటే, తేడా వచ్చినప్పుడు నిమిషాల్లో పాత స్థితికి మళ్లించవచ్చు.

ఆలోచన పాతదే. ఐబీఎం 1972లోనే తన పెద్ద కంప్యూటర్లకు వీఎం/370ని తెచ్చింది. 1999లో వీఎంవేర్ దాన్ని పీసీలకు అందించింది. ఒరాకిల్ వారి వర్చువల్‌బాక్స్ ఉచితం. 2019 నుంచి విండోస్ ప్రో ఎడిషన్లలో 'శాండ్‌బాక్స్' ఉంది. మూసేయగానే అందులోదంతా చెరిగిపోతుంది. హోమ్ ఎడిషన్‌ వాడేవారికి మాత్రం ఆ సదుపాయం లేదు.

అయితే చాలామంది పొరబడేది ఇక్కడే. సౌకర్యం కోసం రెండింటి మధ్య ఉమ్మడి ఫోల్డర్ పెడితే, తాళం వేసే వైరస్‌కు అదే దారి. వానాక్రై లాంటివి నెట్‌వర్క్ మీదుగా పాకుతాయి కనుక, ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపిన వర్చువల్ మెషీన్ పక్క కంప్యూటర్లకూ ముప్పే. శాండ్‌బాక్స్‌లో ఇంటర్నెట్, క్లిప్‌బోర్డ్ మామూలుగా తెరిచే ఉంటాయి. అవసరం లేకుంటే ఆపేయాలి. గోడకూ బీటలుంటాయి. 2015లో బయటపడిన 'వెనమ్' లోపానికి మూలం, ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్‌ను అనుకరించే కోడ్. దాని గుండా లోపలి ప్రోగ్రామ్ బయటి కంప్యూటర్లోకి చొరబడే వీలుండేది. కాబట్టి వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్‌నూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాల్సిందే.

మరో మెలిక: కొన్ని వైరస్‌లు తామున్నది వర్చువల్ మెషీన్‌లోనని పసిగట్టి బుద్ధిగా ఉంటాయి. అక్కడ ఏమీ కాలేదు కదా అని ప్రోగ్రామ్‌ను అసలు కంప్యూటర్లోకి తెచ్చుకుంటే అంతే సంగతులు. అనుమానం తీరనిదాన్ని లోపలే ఉంచడం, ముఖ్యమైన ఫైళ్ల నకలును కంప్యూటర్‌కు తగిలించి ఉంచని డిస్క్‌లో దాచుకోవడం మేలు.