పాత స్పోర్ట్స్ కార్ల చట్రంలో దాగిన తుప్పు: గుర్తింపు, మరమ్మతు, పరిరక్షణ

వ్యాస సంగ్రహం: పాత కారుకు బలమిచ్చేది పైకి కనిపించే రంగు కాదు, కింద ఉండే ఛాసిస్. ఆ ఛాసిస్ గొట్టాల లోపలి నుంచి తుప్పు తినడం ఎలా మొదలవుతుంది, దాన్ని ఎలా పసిగట్టాలి, ఎంతవరకు కోసి అతకాలి, ఆ మరమ్మతు వాహన చారిత్రకతను ఎలా ప్రభావితం చేస్తుంది అనే అంశాలను స్టాండర్డ్ హెరాల్డ్, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కార్ల ఆధారంగా, నిడమనూరు వంటి కాలువ ఆయకట్టు ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఛాసిస్, తుప్పు, స్టాండర్డ్ హెరాల్డ్, ఆయకట్టు, పరిరక్షణ, వింటేజ్ వాహనం.

1. ఉపోద్ఘాతం

ఇనుముకు పట్టేదాన్ని తుప్పు అని, రాగి, ఇత్తడి వస్తువులకు పట్టేదాన్ని చిలుము అని తెలుగువారు వేరు చేసి చెబుతారు. ఈ భేదం లోహశాస్త్రానికీ సరిపోతుంది. రాగిపై ఏర్పడే పొర చాలా సందర్భాలలో గట్టిగా అంటుకొని లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇనుప తుప్పు గుల్లగా ఉంటుంది, తేమను పట్టి ఉంచుతుంది, తాను పుట్టిన ఇనుము కంటే అనేక రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల రెండు రేకుల మధ్య పుట్టిన తుప్పు ఆ రేకులనే విడదీస్తుంది. పైన పటారం, లోన లొటారం అనే సామెత పాత కార్లకు వర్తించినంతగా మరి దేనికీ వర్తించదేమో.

2. హెరాల్డ్ నుంచి స్పిట్‌ఫైర్ దాకా

స్వాతంత్ర్యానంతరం దశాబ్దాల పాటు భారతీయ రోడ్లపై ప్రధానంగా కనిపించిన కార్లు అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. మొదటి రెండింటిలో బాడీయే బరువును మోస్తుంది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రోడక్ట్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1961 నుంచి తయారు చేసిన హెరాల్డ్‌కు మాత్రం విడిగా ఛాసిస్ ఉంది. ఇటలీ రూపశిల్పి జొవాన్ని మికెలోట్టి తీర్చిన ఈ కారు బ్రిటన్‌లో 1959లో విడుదలైంది. దాని ఛాసిస్‌ను కుదించి, పక్కపట్టీలను తీసివేసి, 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును రూపొందించారు. స్పిట్‌ఫైర్‌లో తీసివేసిన పక్కపట్టీల పనిని తలుపుల కింది పెట్టె గొట్టాలు చేస్తాయి. కాబట్టి స్పిట్‌ఫైర్‌లో ఆ గొట్టాలు కుళ్ళితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, కారు నడుమే బలహీనపడటం. మన ప్రాంతంలో మిగిలిన హెరాల్డ్‌లను పరిశీలించేవారికి ఈ బంధుత్వం ఉపయోగపడుతుంది. ఒక కారు మరమ్మతులో నేర్చిన పాఠం రెండోదానికీ చెల్లుతుంది.

3. లోపలి నుంచి తినడానికి కారణాలు

ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. అయితే ప్రాణవాయువు తక్కువగా అందే చోటే ఎక్కువ లోహం కరుగుతుందని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ ప్రయోగాలు నిరూపించాయి. బురద కింద, అతుకుల సందులో, పట్టీల మడతల్లో జరిగేది ఇదే. గాలి తగిలే భాగం క్షేమంగా ఉంటుంది, దాని పక్కనే మూసుకుపోయిన భాగం కరిగిపోతుంది.

గాలిలో తేమ ఒక హద్దు దాటితే తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుందని డబ్ల్యూ. హెచ్. జె. వెర్నన్ చూపించారు. ఇనుముకు ఆ హద్దు సుమారు 60 శాతం. ఉప్పు అంటిన ఇనుముకు అది మరింత తక్కువ. రాత్రి చల్లబడిన ఛాసిస్ గోడలపై లోపలి గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారుతుంది. అడుగున ఉన్న నీరు జారే రంధ్రాలు మట్టితో పూడితే ఆ నీటికి దారి ఉండదు.

నిడమనూరు ప్రాంతానికి ఈ వివరణలో ప్రత్యేక స్థానముంది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ కింది ఆయకట్టులో వరి ప్రధాన పంటగా స్థిరపడింది. నీరు నిలిచిన పొలాల మధ్య ఊళ్ళలో తేమ ఎక్కువ. పైగా ఎరువుల బస్తాలు నిల్వ ఉంచే కొట్టంలోనే బండిని కూడా నిలిపితే మరో ప్రమాదం తోడవుతుంది. పొటాష్ ఎరువుగా ఎక్కువగా వాడేది పొటాషియం క్లోరైడ్. దాని పొడి తేమను పీల్చి ఇనుముపై క్లోరైడ్ పొరగా మిగులుతుంది. సముద్రానికి దూరంగా ఉన్నామన్న ధైర్యం అక్కడ పనికిరాదు. ట్రాక్టర్ ట్రాలీల ఛాసిస్‌కూ ఈ మాట వర్తిస్తుంది.

4. గుర్తించే పద్ధతి

పరీక్షను తేలిక సాధనాల నుంచి క్లిష్ట సాధనాలకు క్రమంగా సాగించాలి.

మొదట బండిని గట్టి ఆధారాలపై నిలిపి, అడుగు మట్టిని పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. చిన్న సుత్తితో తడితే మంచి లోహం ఖంగుమంటుంది, కుళ్ళినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట మొనదేలిన స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడాలి. పుట్టీ పూసి రంగు వేసిన భాగాన్ని అయస్కాంతం పట్టిస్తుంది. పట్టు తగ్గితే పైపూత మందంగా ఉందని అర్థం.

గొట్టం లోపలికి సన్నని కెమెరా పంపితే పొరలు పొరలుగా లేచిన తుప్పు కనిపిస్తుంది. ఇక మిగిలిన మందాన్ని కొలవడానికి అల్ట్రాసోనిక్ గేజ్ అవసరం. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో సాగుతుంది. వెళ్ళి తిరిగి వచ్చే కాలాన్ని బట్టి, ఒక వైపు నుంచే మందం తెలుస్తుంది.

ఈ కొలత ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతుంది. 2 మిల్లీమీటర్ల గోడ 1.5 మిల్లీమీటర్లకు తగ్గిందనుకుందాం. పోయింది నాలుగో వంతే అనిపిస్తుంది. కాని పలుచని పలక నొక్కుడుకు వంగిపోయే హద్దు ఒత్తిడి మందం వర్గాన్ని అనుసరిస్తుంది. అంటే అది 56 శాతానికి పడిపోతుంది. కంటికి నిండుగా కనిపించే గొట్టం గుంతలో పడినప్పుడు మడతపడటానికి ఇదే కారణం. సస్పెన్షన్, స్టీరింగ్ బిగించే చోట్ల ఈ బలహీనత ప్రాణాపాయం అవుతుంది.

5. మరమ్మతు క్రమం

కుళ్ళిన చోటుపై మరో పట్టీ అతికించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పాత తుప్పు, తేమ రెండూ పట్టీ కింద బందీ అయి పని కొనసాగిస్తాయి. మంచి లోహం వచ్చేవరకు కోసి, అదే మందం గల ఉక్కును అదే ఆకారంలో వంచి అతకాలి.

కోయడానికి ముందు మూలల మధ్య కర్ణపు దూరాలను కొలిచి రాసుకోవాలి. తలుపుల చోటు వంకరపోకుండా తాత్కాలిక ఊతాలు బిగించాలి. పెట్రోలు ట్యాంకును తీసివేయాలి, బ్యాటరీని విడదీయాలి. వెల్డింగ్‌ను ఒకే చోట ఏకధాటిగా కాకుండా, చిన్న ముక్కలుగా, చోటు మారుస్తూ చేయాలి. లేకపోతే వేడికి ఛాసిస్ మెలిక పడుతుంది.

వెల్డింగ్ వేడి గొట్టం లోపలి పూతను కాల్చివేస్తుంది. కొత్త తుప్పు మొదలయ్యేది అక్కడే. కాబట్టి పని ముగిశాక లోపలంతా మైనపు పూతను పొడవైన నాళంతో పిచికారీ చేయాలి. నీరు జారే రంధ్రాలను మాత్రం తెరిచే ఉంచాలి. ఫాస్ఫారిక్ ఆమ్లం, టానిన్ ఆధారిత తుప్పు మార్పిడి ద్రావణాలు పలుచని పొరపైనే పనిచేస్తాయి. పోయిన మందాన్ని అవి తిరిగి ఇవ్వలేవు.

6. మరమ్మతా, మార్పా?

2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు వచ్చిన సవరణ, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల ప్రయాణికుల వాహనాలను వింటేజ్‌గా గుర్తించింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, నంబరులో ‘వీఏ’ అనే గుర్తు నిర్ణయించింది. వాహనం అసలు రూపంలో ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో మార్పు వంటి భారీ పునర్నిర్మాణం జరిగి ఉండరాదనీ షరతు పెట్టింది.

ఇక్కడ పరిరక్షకుడికి చిక్కు ఎదురవుతుంది. తుప్పును వదిలేస్తే బండి నిలవదు. ఛాసిస్‌ను మొత్తంగా మార్చేస్తే చరిత్ర నిలవదు. కుళ్ళిన భాగాన్ని అదే కొలతలతో పునరుద్ధరించడాన్ని మరమ్మతుగాను, ఆకారాన్నో నిర్మాణాన్నో వేరుచేయడాన్ని మార్పుగాను చూడటం సమంజసం. ఈ తేడాను నిరూపించేది పత్రాలే. కోతకు ముందు, తరువాత తీసిన ఛాయాచిత్రాలు, మందపు కొలతలు, తీసివేసిన ముక్కలు భద్రపరచాలి. ఛాసిస్ సంఖ్య చెక్కిన భాగాన్ని తాకవలసి వస్తే ముందుగా రవాణా అధికారులను సంప్రదించాలి.

7. ముగింపు

ఛాసిస్ తుప్పును రంగుతో కప్పడం తేలిక, కొలిచి తెలుసుకోవడం కష్టం. అయినా ప్రయాణికుల ప్రాణం, వాహన చరిత్ర రెండూ ఆ కొలతపైనే ఆధారపడి ఉన్నాయి. కాలువ నీటితో పచ్చబడిన నిడమనూరు వంటి చోట పాత బండిని కాపాడాలనుకునేవారు ఎరువులకు దూరంగా, గాలి ఆడే చోట దాన్ని నిలపాలి. ఏటా వానాకాలం ముగిశాక నీటి రంధ్రాలను శుభ్రం చేసి, మందాన్ని కొలిచి నమోదు చేయాలి. ఆ నమోదు పుస్తకం కూడా బండితో పాటు తరువాతి తరానికి అందవలసిన వారసత్వమే.